మా తిరుపతి పటం మీద ఫ్రెంచ్ దారులు: ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నా, ఎందుకు చేస్తున్నా

డెల్ఫ్ ఏ1 పరీక్షకి ఇంట్లోనే చదువుకుంటున్నా. ఫ్రెంచ్‌లో మొదటి మెట్టు పరీక్ష అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 100కి 50 వస్తే పాసు, కాకపోతే ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. చదివే భాగంలో తరచుగా ఒక చిన్న పటం ఇస్తారు, దాని పక్కన ఎవరో స్నేహితుడు రాసినట్టు నాలుగు వాక్యాలుంటాయి, స్టేషన్‌లో దిగి ఇట్లా రా, అక్కడ ఎడమకి తిరుగు అని, ఆ దారిని మనం పటం మీద పట్టుకోవాలి.

అభ్యాసం పుస్తకాల్లో ఉండే పటాలు నాకు అస్సలు ఎక్కడం లేదు. బేకరీ, పోస్టాఫీసు, మేరీ అనే టౌన్ హాలు, మధ్యలో ఒక చౌకు. ఆ ఊరు నేను చూడలేదు, ఆ బేకరీ పక్కన ఏముందో నాకు అక్కర్లేదు, అందుకే పక్కన, ఎదురుగా, వెనక అనే మాటలు చదివిన పూటకే పోతున్నాయి. తిరుపతి అట్లా కాదు. బస్టాండు నుంచి కపిలతీర్థం దాకా ఏ మలుపులో ఏముందో చెప్పమంటే నిద్రలో లేపినా చెప్తా. అలాంటప్పుడు తెలియని ఊళ్ళో తెలియని మాటలు నేర్చుకోవడం ఎందుకు, తెలిసిన ఊళ్ళోనే నేర్చుకుందాం అనిపించింది.

కాబట్టి పని ఇది: తిరుపతి పటం పెద్దగా గీయాలి, దాని మీద బొమ్మ ఆటో నడపాలి, ఆటో నడిపేవాళ్ళకి దారి ఫ్రెంచ్‌లోనే చెప్పాలి. జోడీ మా పిన్ని కూతురు, డిగ్రీ చదువుతోంది, తనకి ఫ్రెంచ్ రాదు గానీ ఆటలంటే ప్రాణం. ఇంకో లాభం కూడా ఉంది. నేను పనిచేసేది ట్రావెల్స్ ఆఫీసులో. పుదుచ్చేరి చూసి ఇటు వచ్చే ఫ్రెంచ్ వాళ్ళు అప్పుడప్పుడు మా దగ్గర ఆగి దారి అడుగుతారు. వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు చెప్పగలిగితే ఎంత బాగుంటుంది!

ఆదివారం: పటం

రెండు చార్టులు అతికించాం. మొదటి ప్రశ్నే, పైన ఏం పెట్టాలి? మాకు దాని గురించి ఆలోచించే పనే పడలేదు, పైన కొండ. తిరుపతిలో ఎవరైనా దిక్కు పట్టుకునేది కొండని చూసే, అది ఉత్తరాన గోడలా నిలబడి ఉంటుంది, ఏ వీధిలోంచి తల తిప్పినా కనబడుతుంది. పటాల్లో ఉత్తరం పైన ఉండాలన్న లెక్క కూడా దాంతోనే సరిపోయింది. ఉత్తరం నోర్, దక్షిణం స్యుద్, తూర్పు ఎస్త్, పడమర వెస్త్. నాలుగు అంచుల్లో నాలుగూ రాశాం.

కొండ కిందుగా ఎడమ వైపు అలిపిరి, దానికి తూర్పుగా కపిలతీర్థం. మధ్యలో లీలామహల్ సర్కిల్. ఇంకా కిందికి వస్తే రైల్వే స్టేషన్, దాని దగ్గర్లో గోవిందరాజస్వామి గుడి, స్టేషన్‌కి తూర్పుగా ఆర్టీసీ బస్టాండు. పడమట ఎస్వీ యూనివర్సిటీ, ఆ దారిలోనే ఇంకా పోతే జూ. ఆగ్నేయం మూల తిరుచానూరు, తూర్పు అంచున రేణిగుంట, పడమర అంచున చంద్రగిరి. ఇవి చార్టులో పట్టవు కాబట్టి బాణం గుర్తు వేసి వదిలేశాం.

ప్యారిస్‌లో వీధి పేర్ల పలకలు నీలం రంగులో, ఆకుపచ్చ అంచుతో, తెల్ల అక్షరాలతో ఉంటాయి. చెల్లి అది ఫోన్‌లో చూసి, మన గాంధీ రోడ్డుకీ తిలక్ రోడ్డుకీ అట్లాంటి పలకలే చేసి అతికించింది. ఆ పని మధ్యాహ్నమంతా పట్టింది, కానీ పటానికి ప్రాణం వచ్చింది.

సోమవారం రాత్రి: ఎలా రాసుకోవాలి

చెల్లికి ఫ్రెంచ్ స్పెల్లింగులు చూపిస్తే భయపడుతుంది. పలకని అక్షరాలు అన్ని ఉంటాయి మరి. అందుకని ఆట కార్డుల మీద తెలుగు లిపిలోనే రాస్తున్నా, అసలు స్పెల్లింగు నా నోటు పుస్తకంలో విడిగా ఉంది, పరీక్షకి అదే కావాలి.

తెలుగు లిపి ఇంత బాగా పనికొస్తుందని నేను అనుకోలేదు. ఫ్రెంచ్‌లో కొన్ని అచ్చులు ముక్కులోంచి వస్తాయి, చివర న్ అనిగానీ మ్ అనిగానీ పెదవులు, నాలుక ఎక్కడా ఆనవు. దానికి మనకి అరసున్న ఉంది! ఈ రోజుల్లో దాన్ని ఎవరూ రాయరు, పాత పద్యాల పుస్తకాల్లో చూడ్డమే. నేను దాన్ని బయటికి తీశా. లోపల అనడానికి దాఁ. ఎదుట అనడానికి దవాఁ. మధ్య అనడానికి ఆఁత్ర్. దూరం అనడానికి ల్వేఁ. నిండు సున్న పెడితే చెల్లి దామ్ అని చదివేస్తుంది, అరసున్న పెడితే గాలి ముక్కులోకి పంపి ఆపేస్తుంది.

ఇబ్బంది పెట్టేది ఇంకో అచ్చు. తెలుగులో లేదు. నోట్లో నాలుకని ఈ అన్నట్టు పెట్టి, పెదవుల్ని ఊ అన్నట్టు గుండ్రంగా చేయాలి. దాన్ని నేను స్యు, ద్యు, ర్యు అని రాసుకుంటున్నా, యకారం గట్టిగా పలకొద్దు అన్న షరతు మీద. వీధి అంటే ర్యు. మీద అంటే స్యుర్. కింద అంటే సు. ఈ చివరి రెండూ దగ్గర దగ్గరగా వినబడతాయి, అర్థాలేమో ఒకదానికొకటి ఎదురు. ఇదేం చిన్న విషయం కాదు, శనివారం ఆటలో ఎందుకో తెలిసింది.

బుధవారం: అగ్గిపెట్టె, గోలీ

పటం మీదికి పోకముందు చేతిలో పట్టుకునే వస్తువులతో మొదలుపెట్టాం. ఒక అగ్గిపెట్టె, ఒక గోలీ. గోలీని లోపల పెట్టి దాఁ, పైన పెట్టి స్యుర్, కింద దాచి సు, ముందు దవాఁ, వెనక దెర్యేర్, పక్కన ఆ కోతె, రెండు పెట్టెల మధ్య ఆఁత్ర్. నేను మాట చెప్తా, తను గోలీ కదుపుతుంది, తర్వాత తను గోలీ పెడుతుంది, నేను మాట చెప్తా. తెలుగు అర్థం నోటితో చెప్పకూడదు అని నియమం పెట్టుకున్నాం. కార్డు మీద కూడా అర్థం రాయలేదు, పెట్టె బొమ్మ, గోలీ చుక్క, అంతే. చూసినదానికీ ఫ్రెంచ్ మాటకీ మధ్యలో తెలుగు మాట నిలబడకుండా ఉంటేనే నోరు వేగంగా తిరుగుతుంది.

ఇక్కడ చెల్లి ఒక మంచి పని చేసింది. గోలీని పెట్టెకి ఆనించకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లో పైన పెట్టి, "అక్కా, ఇప్పుడేమంటావు?" అంది. ఫ్రెంచ్‌లో దానికి స్యుర్ కుదరదు. ఆనుకుని ఉంటేనే స్యుర్. ఆనకుండా పైన ఉంటే ఓ దస్యు. దానికి ఎదురు ఓ దసు, అంటే దానికి దిగువన. మళ్ళీ అదే అచ్చు గొడవ చూడండి, దస్యు పైన, దసు కింద. అచ్చులో తేడా ఒక్కటే, అర్థం మొత్తం తలకిందులు. ఈ రెంటినీ అద్దం ముందు నిలబడి పలికాం, పెదవులు రెండింటికీ గుండ్రంగానే ఉంటాయి, మారేది లోపల నాలుక. స్యు అన్నప్పుడు నాలుక ముందుకొచ్చి కింది పళ్ళని తాకుతుంది, సు అన్నప్పుడు వెనక్కి పోతుంది. అది వేలితో చూసుకున్నాక చెల్లికి వచ్చేసింది.

గురువారం: ఎదురుగా, పక్కన, ఆ చిన్న ద

ఎదురుగా అంటే ఆఁ ఫాస్ ద. తిరుపతిలో దీనికి ఉదాహరణలు వెతకక్కర్లేదు. రైల్వే స్టేషన్‌కి ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండుకి ఎదురుగా శ్రీనివాసం, రెండూ యాత్రికుల వసతి గృహాలు. కొండకి వచ్చేవాళ్ళకి ఊళ్ళో చెప్పే మొదటి గుర్తులు ఇవే. స్టేషన్ అంటే లా గార్, బస్టాండు అంటే లా గార్ రుత్యేర్.

విష్ణు నివాసం ఎ తాఁ ఫాస్ ద లా గార్, విష్ణు నివాసం స్టేషన్‌కి ఎదురుగా ఉంది అని. ఎ అంటే ఉంది, దాని తర్వాత అచ్చు వస్తే మధ్యలో త్ వినబడుతుంది. ఈ వాక్యాన్ని చెల్లి పాట పాడినట్టు ఇల్లంతా పాడుతూ తిరిగింది.

మన భాషలో చోటు చెప్పే మాట పేరు తర్వాత వస్తుంది, స్టేషన్ ఎదురుగా, గుడి పక్కన. ఫ్రెంచ్‌లో ముందే వచ్చేస్తుంది. ఇది పెద్ద కష్టం కాదు. కష్టం ఆ మాటకీ పేరుకీ మధ్యలో ఉండే చిన్న ద దగ్గర. ఫ్రెంచ్‌లో వస్తువుల పేర్లకి కూడా ఆడ, మగ తేడా ఉంటుంది, ఆడ పేరు ముందు లా, మగ పేరు ముందు ల వస్తుంది. గార్ ఆడ పేరు కాబట్టి ద లా గార్ అని మామూలుగానే ఉంటుంది. గుడి అంటే ల తాఁప్ల్, మగ పేరు. అక్కడ ద, ల రెండూ కలిసి ద్యు అయిపోతాయి: ప్రె ద్యు తాఁప్ల్, గుడికి దగ్గర. బహువచనమైతే దే. అచ్చుతో మొదలైతే ల్ మాత్రం అంటుకుంటుంది, ఆస్పత్రి పక్కన అంటే ఆ కోతె ద లొపితాల్. చెల్లి దీన్ని మన సంధిలాగా తీసుకుంది, ఆరో తరగతిలో అకార సంధి నేర్చుకున్నదాన్ని ఇదేమంత, అని.

అన్ని మాటలకీ ఈ ద ఉండదు. దాఁ, స్యుర్, సు, దవాఁ, దెర్యేర్, ఆఁత్ర్, ఇవి ఒంటరిగా నిలబడతాయి. ఆ కోతె, ఆఁ ఫాస్, ప్రె, ల్వేఁ, ఓ దస్యు, ఓ దసు, వీటికి తోక ఉంటుంది. కార్డుల్లో తోక ఉన్నవాటికి మూలన ఎర్ర చుక్క పెట్టాం.

శనివారం: మాడ వీధులు, ఫ్లైఓవరు

కుడి, ఎడమ. కుడికి ఆ ద్ర్వాత్, ఎడమకి ఆ గోష్. నేరుగా అంటే తు ద్ర్వా. ఫ్రెంచ్ నేర్చుకునే ప్రతి మనిషీ తడబడే చోటు ఇదేనంటారు, ద్ర్వా అంటే నేరుగా, ద్ర్వాత్ అంటే కుడి, తేడా చివరి త్ ఒక్కటే. వేగంగా మాట్లాడితే అది చెవిలో పడదు. అయితే ముందు వచ్చే మాట పట్టుకుంటే చాలు: తు వినబడితే నేరుగా, ఆ వినబడితే కుడి. చివరి శబ్దం కోసం ఎదురుచూడొద్దు, మొదటి శబ్దం పట్టుకో అని చెల్లికి చెప్పాక ఆటో సరిగ్గా తిరుగుతోంది.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి పోయాం. 12వ శతాబ్దంలో రామానుజులు ప్రతిష్ఠ చేసిన స్వామి, పాత తిరుపతి అంతా ఈ గుడి చుట్టూనే పెరిగింది. మాడ వీధుల్లో నడుస్తూ కుడి ఎడమ అభ్యాసం చేశాం. ప్రదక్షిణలో గుడి ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉంటుంది కదా, నాలుగు వీధులు తిరిగినా సరే. ల తాఁప్ల్ ఎ తా ద్ర్వాత్. మూల వచ్చినప్పుడల్లా తుర్నే ఆ ద్ర్వాత్, కుడికి తిరగండి. ఓతుర్ ద్యు తాఁప్ల్, గుడి చుట్టూ. తూర్పు వైపు నుంచి బయల్దేరితే ముందు దక్షిణానికి, తర్వాత పడమటికి, తర్వాత ఉత్తరానికి, దిక్కుల పేర్లు కూడా వరసగా వచ్చేస్తాయి. ఇంత మంచి అభ్యాసం ఏ పుస్తకంలోనూ లేదు. నడిచే మనిషికి గుడి కుడివైపునే ఉంటుంది, గుడి మాత్రం దిక్కు మారదు. మనం తిరిగే కొద్దీ మారేవి, మారనివి రెండూ ఒక్క నడకలో కాళ్ళకే తెలిసిపోతాయి.

ఇంటికొచ్చి పటం మీద ఆటో ఆట. 2023లో శ్రీనివాస సేతు పేరుతో తెరిచిన ఫ్లైఓవర్ని చెల్లి అట్టముక్కతో లేపి కట్టింది, లీలామహల్ దగ్గర కింద ఒక దారి, పైన ఒక దారి ఉండేలా. వంతెన అంటే ల పోఁ. పాసే స్యుర్ ల పోఁ అంటే ఆటో అట్టముక్క ఎక్కాలి. పాసే సు ల పోఁ అంటే కిందనుంచి దూరాలి. స్యుర్‌కీ సు కీ తేడా చెవిలో పడకపోతే బండి ఎక్కడికో పోతుంది, మలుపు దాటిపోతే దిగడానికి చాలా దూరం పోవాలి, అది మా ఊరి ఆటో వాళ్ళందరికీ తెలుసు. సోమవారం రాసుకున్న ఆ అచ్చు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ ఇద్దరికీ బాగా పట్టింది.

ఆదివారం: బస్టాండు నుంచి కపిలతీర్థం

ఇవాళ మొదటిసారి పూర్తి దారి. నేను ఆఫీసులో కూర్చున్నట్టు, చెల్లి దారి అడిగే మనిషి. అడగడానికి ఒక వాక్యం నేర్పించా: ఎక్స్‌క్యుజే మ్వా, పుర్ అలే ఆ కపిలతీర్థం, సిల్ వు ప్లె? క్షమించండి, కపిలతీర్థానికి ఎట్లా పోవాలండీ అని.

నా జవాబు: అలే తు ద్ర్వా జ్యుస్కా లీలామహల్. లీలామహల్ దాకా నేరుగా వెళ్ళండి. పాసే సు ల పోఁ. వంతెన కిందనుంచి పోండి. కోఁతిన్యుయే వెర్ లా కొలిన్. కొండ వైపు సాగండి. కపిలతీర్థం ఎ తో ప్యే ద లా కొలిన్. కపిలతీర్థం కొండ పాదం దగ్గర ఉంటుంది.

చివరి వాక్యం నాకెంతో నచ్చింది. ఫ్రెంచ్ వాళ్ళు కూడా కొండకి పాదం ఉందనే అంటారు, ఓ ప్యే ద. అలిపిరిలో పాదాల మండపం చూసి పెరిగినవాళ్ళకి ఇది మర్చిపోవడం కుదరదు.

అవ్వ అరుగు మీంచి ఇదంతా వింటోంది. "ఏమే, ఆడపిల్లని ఒంటిగా కపిలతీర్థం పంపిస్తావా, నడిచి పోవాల్నా, ఆటోలోనా, అది చెప్పవే ముందు" అంది. నిజమే, దారి అడిగినవాళ్ళకి ముందు కావాల్సింది అదే. దూరమా? సె ల్వేఁ? నడిచి అంటే ఆ ప్యే. బస్సులో అంటే ఆఁ బ్యుస్. ఇక్కడ ఒక సంగతి గమనించాలి, మనం బస్సులో వెళ్తా అన్నా, బస్సులో గొడుగు మర్చిపోయా అన్నా ఒకటే "లో" వాడతాం. వాళ్ళు ప్రయాణ సాధనంగా చెప్తే ఆఁ బ్యుస్, ఆ బండి లోపల అన్న అర్థంలో అయితే దాఁ ల బ్యుస్. అవ్వ పుణ్యమా అని కార్డుల కట్టలో ఇంకో గుంపు చేరింది.

అన్నట్టు గౌరవం. అలే, తుర్నే, ప్రనే, ఇవి వెళ్ళండి, తిరగండి, తీసుకోండి. చనువున్నవాళ్ళతో అయితే వా, తుర్న్, ప్రాఁ. తెలుగువాళ్ళకి ఈ తేడా అలవాటైనదే, ఆఫీసులో అండీ, ఇంట్లో నువ్వు. నేను చెల్లితో కూడా అలే, తుర్నే అనే అంటున్నా, నోటికి అది అలవాటు కావాలి కాబట్టి. తనేమో ఆ మర్యాదకి తెగ మురిసిపోతోంది.

మంగళవారం: దగ్గర అనే మాట

ఇవాళ పటం తీయలేదు, కాగితం మీద పని. ఇన్ని రోజులుగా నన్ను ఆపుతున్నదేంటో వెతికితే, మన "దగ్గర" దొరికింది. ఎంత పని చేస్తుందో ఆ మాట!

బస్టాండు దగ్గర అంటే చోటు, ప్రె ద లా గార్ రుత్యేర్. డాక్టరు దగ్గరికి వెళ్తా అంటే మనిషి, షే ల మెద్‌సేఁ. అత్త దగ్గర ఉన్నా అంటే అత్త ఇంట్లో అని, షే మా తాఁత్. నా దగ్గర టికెట్ ఉంది అంటే ఇక చోటే కాదు, జె అఁ బియ్యె, నాకు ఉంది అని క్రియతో చెప్పేస్తారు. తెలుగులో ఒకే తలుపు, వాళ్ళ దగ్గర మూడు.

షే గురించి ఇంకొంచెం. అది మనిషిని చెప్పే మాటతో వస్తుంది, మందుల షాపు లాంటి చోటు మాటతో రాదు. మందుల షాపుకి అంటే ఆ లా ఫార్మసి, మందులమ్మే ఆయన దగ్గరికి అంటే షే ల ఫార్మస్యేఁ. రొట్టెల కొట్టుకీ ఇదే పద్ధతి. మనం శెట్టి కొట్టుకి పోయొస్తా అని కొట్టు పేరు చెప్తాం, లేకపోతే శెట్టి దగ్గరికి పోయొస్తా అని మనిషిని చెప్తాం, రెండూ అంటాం కదా, అట్లా విడదీసి చూస్తే షే ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. చెల్లి చేత ఇంటి చుట్టుపక్కల వాళ్ళందరి పేర్లతో వాక్యాలు చేయించా, టైలరు దగ్గరికి, మంగలి దగ్గరికి, పిన్ని దగ్గరికి.

గురువారం: ముందు, తర్వాత

ఇంకో పెద్ద చిక్కు. గుడి ముందు ఆగండి అంటాం, వంతెనకి ముందు తిరగండి అంటాం, పది గంటలకి ముందు రండి అంటాం. అన్నిటికీ ముందు ఒకటే. ఫ్రెంచ్‌లో ఎదుట అన్న అర్థమైతే దవాఁ, అంతకంటే మునుపు అన్న అర్థమైతే అవాఁ. పది గంటలకి ముందు అన్నది అవాఁ అని ఎవరికైనా తడుతుంది, అది కాలం. కానీ దారిలో కూడా అవాఁ వస్తుంది. తుర్నే ఆ గోష్ అవాఁ ల పోఁ అంటే వంతెన ఇంకా రాకముందే ఎడమకి తిరగండి అని. దవాఁ ల పోఁ అంటే వంతెన ఎదుట. ప్రయాణంలో ఏది మొదట తగులుతుంది, ఏది తర్వాత తగులుతుంది అని వరస చెప్పేటప్పుడు అవాఁ, అప్రె. నిలబడి చూస్తూ చోటు చెప్పేటప్పుడు దవాఁ, దెర్యేర్.

ఆటోతోనే దీన్ని తేల్చాం. ఆటో కదులుతుంటే అవాఁ, అప్రె మాత్రమే అనాలి, ఆటో ఆగి ఉంటే దవాఁ, దెర్యేర్ మాత్రమే అనాలి. భాషలో ఇంత గట్టి నియమం ఏం లేదు, ఇది ఆట కోసం పెట్టుకున్నది. కానీ ఒక సాయంత్రం ఇలా ఆడితే రెండు జతలూ కలిసిపోకుండా నిలబడ్డాయి. కపిలతీర్థం నుంచి అలిపిరికి నడిపితే కొండ కుడివైపు, తిరుగుదారిలో ఎడమవైపు, ఆటో ఆగగానే ఎదుటేముందో, వెనకేముందో చెప్పాలి. తను తప్పితే ఆటో నాది, నేను తప్పితే తనది.

ఇదే వరసలో "లో" కూడా తగిలింది. పది నిమిషాల్లో వస్తా అంటే దాఁ ది మిన్యుత్, ఇప్పటినుంచి పది నిమిషాలు గడిచాక అని. పది నిమిషాల్లో నడిచేశా అంటే ఆఁ ది మిన్యుత్, పట్టిన సమయం. ఇది పరీక్షలో కంటే ఆఫీసులో ఎక్కువ పనికొస్తుంది. బండి ఎప్పుడొస్తుంది, ఎంతసేపు పడుతుంది, ఈ రెండూ వేరు ప్రశ్నలు, వచ్చినవాళ్ళు రెండూ అడుగుతారు.

శనివారం: పైన, కింద

తిరుపతిలో పైన అంటే తిరుమల. పైకి పోయినారు, పైన్నుంచి ఇప్పుడే దిగినారు, అంటే ఊళ్ళో ఎవరూ ఎక్కడికి అని అడగరు. ఫ్రెంచ్‌లో ఆఁ ఓ పైన, ఆఁ బా కింద, మోఁతే ఎక్కండి, దెసాఁదే దిగండి. ఘాట్ రోడ్లు రెండూ పటం మీద ఎక్కించాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. అంటే ఒక రోడ్డు మీద మోఁతే మాత్రమే, రెండో దాని మీద దెసాఁదే మాత్రమే. మెట్ల దారులు కూడా గీశాం, అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388. మెట్టు అంటే మార్ష్, మెట్ల వరస అంటే లెస్కల్యే.

దూరాన చూపించే మాటలు కూడా ఇవాళే పెట్టాం. ఇసి ఇక్కడ, లా అక్కడ, లా బా అల్లంత దూరాన. మా వైపు ఈడ, ఆడ అంటాం, ఇంకా దూరమైతే చెయ్యి చాచి, గొంతు సాగదీసి ఆఆడ అంటాం. అవ్వకి ఇది బాగా నచ్చింది. డాబా ఎక్కి కొండ వైపు చెయ్యి చూపించి లా బా అంటోంది, బా దగ్గర గొంతు సాగదీస్తోంది. పలుకుబడిలో వంక పెట్టడానికి ఏం లేదు.

ఇప్పటికి ఎంతదాకా వచ్చాం

మాటల కట్ట దాదాపు నిండింది. చెల్లికి ఫ్రెంచ్ క్రియలు రావు, కాలాలు రావు, కానీ దారి చెప్తే ఆటోని పటం మీద ఎక్కడికైనా తీసుకుపోతుంది, ఒకసారి విని. టీవీ5 మోంద్ వాళ్ళ ఫ్రెంచ్ నేర్పే సైటులో (మన టీవీ5 కాదు, అది వేరే) ఏ1 అభ్యాసాలు ఉచితంగా ఉన్నాయి, వాటిలో దారి చెప్పే ఆడియోలు ఇద్దరం కలిసి విన్నాం. నా గొంతు తప్ప వేరే గొంతు వినని తను అందులో ద్ర్వా, ద్ర్వాత్ పట్టేసింది. రకారం మాత్రం నాకు ఇంకా కుదరాలి, గొంతు వెనక నుంచి రావాల్సిన రకారం అది. మన రకారంతో పలికినా అర్థమవుతుంది కాబట్టి టెన్షన్ పడటం లేదు, అయినా సాధన చేస్తున్నా.

ఒక సంతోషమైన సంగతి రాయాలి. వీధిలో అంటే దాఁ లా ర్యు, రోడ్డు మీద అంటే స్యుర్ లా రుత్. మనం కూడా సరిగ్గా ఇట్లాగే అంటాం, వీధిలో ఆడుకుంటున్నారు, రోడ్డు మీద ఆడుకోవద్దు. ఇన్ని చోట్ల ఒక్క తెలుగు మాటని రెండు మూడుగా చీల్చుకోవాల్సి వచ్చాక, ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిన పోతుంటే ప్రాణం లేచొచ్చింది. కార్డు కూడా రాయలేదు దీనికి, అక్కర్లేదు.

తర్వాతి చార్టు పుదుచ్చేరిది. అక్కడ ఇంకా ర్యు ద్యుమా, ర్యు రొమేఁ రొలాఁ అని ఫ్రెంచ్ వీధి పేర్లే ఉన్నాయి, పలకల మీద తమిళం, ఫ్రెంచ్ రెండూ ఉంటాయి. యానాం కూడా గీద్దామని చెల్లి అంటోంది, 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో ఉన్న తెలుగు ఊరు కదా. ముందు పుదుచ్చేరి. ఈసారి ఆటో నాది, దారి చెప్పేది తను. దానికోసం ప్రమ్యేర్, దోజ్యెమ్, త్ర్వాజ్యెమ్, మొదటి, రెండో, మూడో వీధి అని లెక్కపెట్టడం తనకి నేర్పాలి. ప్రనే లా దోజ్యెమ్ ర్యు ఆ గోష్, ఎడమ వైపు రెండో వీధి పట్టండి. ఈ ఒక్క వాక్యాన్ని నిదానంగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి తనకి పంపించా, కాలేజీ బస్సులో వింటానంది.